మూడు సీసాల ఎంగిలి

జనవరి 12

ఉమ్ముల ఆఫీసరు గారికి,

నీ ఉత్తరం అందింది. ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెడదామనుకున్నాను గానీ, నువ్వు పంపిన కబురు చదివాక ఆ ముక్క రాయడానికి చెయ్యి రావడం లేదు. "మా ల్యాబులో సరదాకి ఎవరి ఉమ్ము వాళ్లం పరీక్ష చేసుకున్నాం. నాలో క్యాన్సర్ తెప్పించే హెర్పిస్ వైరస్ ఒకటి దొరికింది. భలే ఉంది" అని రాశావు. లాటరీ తగిలినవాళ్లు కూడా ఇంత మురిసిపోతూ రాయరు. మీ నాన్న రెండుసార్లు చదివి, కళ్లజోడు తీసి తుడిచి, "హెర్పిస్ అంటే అదేనా?" అని నన్నడిగారు. అదేనా అంటే ఏదో నాకేం తెలుసు? కళ్లజోళ్ల దుకాణం నడుపుకునేదాన్ని, దగ్గరి చూపు, దూరపు చూపు తప్ప మూడోది తెలియదు. నిన్ను లక్షలు పోసి చదివించింది ఊళ్లోవాళ్ల ఉమ్ము కూడబెట్టడానికని మాత్రం ఇప్పుడిప్పుడే తెలుస్తోంది.

ఫోన్ చేసి మాట్లాడొచ్చుగా అంటావు. ఫోన్ మోగితే చాలు, ఆవిడ చెవులు హాల్లోంచి వంటింట్లోకి నడిచొస్తాయి. మీ నాయనమ్మకు చూపు ఆనదు, మోకాళ్లు వంగవు, నోట్లో పన్ను ఒక్కటి లేదు. చెవులు మాత్రం నిన్ననే కొన్నట్టున్నాయి. నేను ఆవిడ అని రాస్తే ఎవరో నీకు వేరే చెప్పక్కర్లేదనుకో. నా మటుకు ఈ లోకంలో ఆవిడ ఒక్కరే.

అన్నట్టు, ఆవిడకు కొత్త చెప్పులు పడలేదట. పాదం మీద ఊదా రంగు మచ్చలు లేచాయి. చెప్పులు కొన్నది నేను కాబట్టి నేరం రుజువైపోయింది, ఇక శిక్ష ఒక్కటే మిగిలింది.

నీకు జబ్బా కాదా, ఒక్క మాటలో రాయి. సైన్సు తర్వాత చెబుదువు గాని.

ఇట్లు,
మీ అమ్మ


జనవరి 25

అమ్మకు,

జబ్బు కాదు. నువ్వు ఒక్క మాటలో రాయమన్నావు, నేను రెండు మాటల్లో రాశాను, మిగతాది ఓపిక ఉంటే చదువు.

నాన్న అనుకునే 'అది' ఇది కాదు. హెర్పిస్‌ది పెద్ద కుటుంబం. ఇది అందులో ఎనిమిదోది, దాని పనులు వేరు. ఒంట్లో చేరి మూల కూర్చుంటుంది. నూటికి తొంభై మందికి పైగా అది ఉన్నట్టు కూడా తెలియకుండానే బతికేస్తారు. ముసలితనం వల్లో ఇంకో జబ్బు వల్లో ఒంట్లో బలం తగ్గినప్పుడు, ఎవరో కొద్దిమందికి చర్మం మీద క్యాన్సర్‌గా తేలుతుంది. కొన్ని దేశాల్లో ఇద్దరిలో ఒకరికి ఉంటుంది, కొన్నిచోట్ల వెతికినా దొరకదు. ఎందుకలా అన్నదే మా ల్యాబు పని. నువ్వు ఉమ్ము కూడబెట్టడం అంటావు, జీతం ఇచ్చేవాళ్లు ఇంకేదో పేరు పెట్టారు.

అసలు కబురు ఇది. ఈ వైరస్‌లో ఒక చిన్న ముక్క జనాన్ని బట్టి మారుతుంది. ఇంటిపేరు అనుకో. ఉత్తరాది వాళ్లది ఒక రకం, ఎడారి వాళ్లది ఒక రకం. అమ్మ నోటి నుంచి పిల్ల నోటికి, తరాల తరబడి అదే ఇంటిపేరు. నాలో ఉన్నది దక్షిణ సముద్రపు దీవుల్లో తప్ప దాదాపు ఎక్కడా కనిపించని రకం.

అర్థమైందా? నన్ను ఆసుపత్రి వరండాలో వదిలేసి వెళ్లినవాళ్లు దుప్పట్లో ఒక చీటీ కూడా పెట్టలేదని నువ్వే చెప్పావు. పెట్టారమ్మా. చదవడం నేర్చుకోవడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

ఆ దీవులకు మా ల్యాబు మూడేళ్ల పనికి మనుషుల్ని పంపుతోంది. పేరు ఇచ్చాను. నా వాళ్లెవరో చూసుకోవాలని ఉంది.

మీ అమ్మాయి


ఫిబ్రవరి 6

దీవుల యువరాణి గారికి,

మీ వాళ్లు దొరికినందుకు శుభాకాంక్షలు. వాళ్లకు కూడా మీ నాన్నలా గురక ఉంటుందేమో కనుక్కో, నువ్వు ఇక్కడ పడుకుంటే గోడలు అదిరేవి. అది ఎవరి దగ్గర్నుంచి వచ్చిందా అని మేం ఇన్నాళ్లూ తికమకపడుతున్నాం.

మూడేళ్లంటే పెద్ద సంచీ కావాలి. అటక మీద ఉన్నది దింపించాను. జిప్పు పాడైంది, బాగు చేయిస్తాను. ఇంకేం కావాలో రాయి, సర్ది పంపుతాం. మీ నాన్న పార్సిల్ ఆఫీసులో ముప్పై ఏళ్లుగా చీటీలు అంటించే మనిషి, ఆయన కట్టిన మూట దీవులకేంటి, చంద్రుడి మీదికైనా చేరుతుంది.

ఆవిడకు కబురు చెప్పాను. "నేను అప్పుడే అన్నానుగా, ఏ వంశమో ఏమో అని" అంది. అంది, నిజమే. నిన్ను తీసుకొచ్చిన రోజు గుమ్మంలో నిలబడి అదే ముక్క అంది. నీకు అప్పటికి ఏడాది నిండలేదు, నా భుజం మీద నిద్రపోతున్నావు. "పెంచుకుంటే పెంచుకోండి, నేను మాత్రం ముట్టుకోను. దాని ఎంగిలి నా గిన్నెల్లో కలపకండి" అని ఒక ఆకుపచ్చ గ్లాసు తీసి వేరే పెట్టింది. నీకు అయిదేళ్లు వచ్చేదాకా ఆ గ్లాసులోనే తాగావు. తర్వాత నేనే దాన్ని పైఅరలో పెట్టేశాను. పారేయలేదు, కోపం వచ్చినప్పుడు చూసుకోవడానికి ఏదో ఒకటి ఉండాలిగా.

నేను దుకాణానికి వెళ్తే నిన్ను చూడటానికి ఒక పనిమనిషిని పెట్టాను. ఆవిడేమో కుర్చీలో కూర్చుని మూతి ముడుచుకుని చూస్తూ ఉండేది. ముట్టుకోను అన్న మాట మీద మాత్రం నిలబడింది, ఆ గొప్ప ఒప్పుకోవాలి.

నువ్వు వెళ్తానంటే నేను వద్దనను. అంత చెడ్డదాన్ని కాను. కాకపోతే 'నా వాళ్లు' అని రాసిన చోట ఉత్తరం మడత పెట్టేశాను, ఆ ముక్క మళ్లీ మళ్లీ కనబడకుండా.

ఇట్లు,
నిన్ను కొన్నాళ్లు ఉంచుకున్న ఇంటి యజమానురాలు


ఫిబ్రవరి 17

అమ్మకు,

యజమానురాలు గారూ, అద్దె బాకీ ఉంటే చెప్పండి. నీతో మాట్లాడటం కన్నా గోడకు తల కొట్టుకోవడం నయం. గోడ ఎదురు కొట్టదు. నేను వెళ్తానన్నది నిన్ను వదిలేసి కాదు. నా మొహం ఎవరి మొహమో చూడాలని ఉండటం తప్పా? నువ్వు అద్దం ముందు నిలబడి "అచ్చం మా అమ్మ ముక్కే" అని తిట్టుకుంటావే, ఆ తిట్టుకునే భాగ్యం నాకెప్పుడైనా ఉందా?

ఆ గొడవ అలా ఉంచు. ఒక పని పడింది. దీవుల మాట చెబితే మా బాసు నవ్వాడు. "నువ్వు పెరిగిన ఇంట్లోవాళ్ల ఉమ్ము చూశావా? ఇది కన్నవాళ్ల నుంచే రావాలని లేదు. చిన్నప్పుడు ఎవరి ఎంగిలి తింటే వాళ్ల నుంచి వస్తుంది" అన్నాడు. మా ఇంట్లో ఎంగిలి అంటే ఎంత పట్టింపో ఆయనకు తెలియదు. నువ్వు నా చెంచా నీళ్లలో మరగబెట్టేదానివి, నాయనమ్మ సంగతి ఇప్పుడే రాశావు. అయినా ఆ పరీక్ష కాగితం లేకుండా నన్ను పంపడట.

మూడు సీసాలు పంపుతున్నాను. నువ్వు, నాన్న, నాయనమ్మ తలా ఒకదాంట్లో ఉమ్మి, కాగితం మీద సంతకం చేసి పంపండి. సీసా మీద పేర్లు రాయకూడదు, అది మా ల్యాబు నియమం. బంధుత్వం రాస్తే చాలు, ఎవరిది ఏదో నాకు తెలుస్తుంది.

మీ అమ్మాయి


మార్చి 3

ఆఫీసరు గారికి,

మీరు కోరిన సరుకు ఈ పార్సిల్లో వస్తోంది. కిందా మీదా పడేయకండి, కష్టార్జితం.

మీ నాన్న మొదట ఉమ్మారు. ఆయనకు ఏ పనైనా సంతకం పెట్టి రసీదు తీసుకుంటే గానీ పూర్తయినట్టు కాదు, సీసా ఎత్తి వెలుతురులో చూసుకుని, "చాలా?" అని ఇద్దర్నీ అడిగారు. నేను ఉమ్మితే నురగ తప్ప ఏమీ రాలేదు. ఉన్నదంతా తమ వంశాన్ని తిట్టడానికి ఖర్చయిపోయిందని మీ నాన్న వెటకారం.

ఇక ఆవిడ. ముందు చచ్చినా ఉమ్మనంది. "ఈ వయసులో సీసాల్లో ఉమ్మమంటారా, ఇంకేం మిగిలింది" అని గంటసేపు కళ్లొత్తుకుంది. మీ నాన్న వెళ్లి చెవి దగ్గర, "ఇది ఇస్తే గానీ పిల్లను దీవులకు పంపరట" అన్నారు. "అయితే అస్సలు ఇవ్వను" అని సీసా విసిరికొట్టింది. నువ్వు వెళ్తే ఆవిడకేంటి నొప్పి? ఏదో ఒకటి కాదనకపోతే పొద్దు గడవదు కాబోలు. మర్నాడు ఏమనుకుందో, నేను దుకాణం నుంచి వచ్చేసరికి సీసా నిండి ఉంది. మూత బిగించి మూటలో పెట్టేశాను.

సీసాల మీద రాతలు మీ నాన్నవి. పార్సిల్ చీటీలు రాసిన చెయ్యి, తప్పు పోదు.

ఆవిడ చెప్పుల దెబ్బ ఇంకా మానలేదు. మచ్చలు పైకి పాకుతున్నాయని మేజోళ్లు వేసుకుని తిరుగుతోంది. డాక్టరు దగ్గరికి పద అంటే, "నీ చెప్పులకు డాక్టరెందుకు" అంటుంది.

సంచీ జిప్పు బాగైంది.

ఇట్లు,
మీ అమ్మ


మార్చి 28

అమ్మా,

ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు. నీకు వెటకారం ఆడటానికి ఈ ఉత్తరంలో చాలా దొరుకుతుంది, ఆడుకో, ఈసారి నేనేమీ అనను.

మూడు సీసాలూ చూశాం. 'నేను' అన్నది నాన్నది, అందులో ఏమీ లేదు. 'ఆవిడ' అన్న దాంట్లోనూ ఏమీ లేదు, ఉంటుందని నేనూ అనుకోలేదు. 'అమ్మ' అన్న సీసాలో వైరస్ కుప్పలు కుప్పలుగా ఉంది. ఇంటిపేరు అచ్చం నాదే. అక్షరం పొల్లు పోలేదు. బాసు నమ్మక మళ్లీ చేయించాడు, మళ్లీ అదే.

నాకు ఇది దీవుల నుంచి రాలేదమ్మా, నీ నోట్లోంచి వచ్చింది. చెంచాలు మరగబెట్టిన మనిషివి, ఎప్పుడో ఎవరూ చూడకుండా నీ ఎంగిలి నాకు పెట్టావు. ఆ రకం నీకెలా వచ్చిందో తర్వాత తేల్చుకుందాం. నేను ల్యాబులో అందరి ముందూ ఏడ్చాను. వైరస్ దొరికిందని ఏడ్చింది నేనొక్కదాన్నే అయి ఉంటాను.

దీవులకు ఇచ్చిన పేరు వెనక్కి తీసుకున్నాను. 'నా వాళ్లు' అని రాసిన ముక్క కొట్టేయి. నా వాళ్లు కళ్లజోళ్ల దుకాణంలో ఉన్నారు.

మీ అమ్మాయి


ఏప్రిల్ 20

అమ్మాయికి,

ఆలస్యంగా రాస్తున్నాను. దుకాణంలో రద్దీ అని రాద్దామనుకున్నాను. రద్దీ లేదు. నీ ఉత్తరం అద్దాల సొరుగులో పెట్టుకుని రోజూ తీసి చదువుకుంటూ కూర్చున్నాను. కొనడానికి వచ్చినవాళ్లను కూడా మళ్లీ రమ్మన్నాను.

నువ్వు రాసినట్టే ఉండనిస్తే ఎవరికి నష్టం అని చాలా అనుకున్నాను. నువ్వు దీవులకు వెళ్లవు. నేను నీ ఉత్తరం పటం కట్టించుకుంటాను. అంత హాయి నాకు రాసిపెట్టి లేదు.

ఆ సీసా నాది కాదు.

రాసింది మీ నాన్న. పార్సిల్ చీటీల పండితుడు. తనది 'నేను'. తన తల్లిది 'అమ్మ'. ఆయన ఆవిడను అమ్మా అనే పిలుస్తారు కదా, ఇంకేమని రాస్తారు. మరి నాది? ఈయన బజారులో ఎవరడిగినా నన్ను 'మా ఆవిడ' అనే అంటారు, సీసా మీద ఆ 'మా' కూడా తీసేసి ఒట్టి 'ఆవిడ' అని రాశారు. నువ్వేమో నా ఉత్తరాల్లో ఆవిడ అంటే ఎవరో బాగా ఎరిగినదానివి. ముప్పై ఏళ్లు చీటీలు అంటించిన మనిషి, పార్సిల్ చేరాల్సిన గుమ్మం మాత్రం మార్చేశాడు. ఏమండీ ఇదేం పని అంటే, "నేను సరిగ్గానే రాశాను, చదివినవాళ్లది తప్పు" అంటున్నారు.

అంటే నీ ఇంటిపేరు ఆవిడది. నేను ఉత్తరం పట్టుకెళ్లి ఆవిడ ముందు నిలబడ్డాను. "ముట్టుకోనన్నారు కదా, ఇదేంటి?" అని అడిగాను.

దుప్పటి మడత విప్పి మళ్లీ పెట్టింది. తర్వాత, "ఆ పనిమనిషి మధ్యాహ్నం దాటితే వచ్చేదే కాదు. పిల్ల ఏడ్చి ఏడ్చి గుక్కపట్టేది" అంది.

"అయితే?"

"అయితే ఏముంది. బిస్కెట్టు ఇస్తే గొంతుకు అడ్డం పడుతుందని నమిలి పెట్టాను. అప్పుడు నాకు పళ్లున్నాయి."

"ఎన్నాళ్లు?"

"నువ్వు దుకాణానికి వెళ్లినన్నాళ్లు."

"నాకు ఒక్క మాట చెప్పొచ్చుగా?"

"నీకా? చెబితే ఊరంతా టముకు వేసేదానివి. ముట్టుకోనని అన్నాక ఏ మొహం పెట్టుకుని చెప్పను" అంది. ఆకుపచ్చ గ్లాసులో నీళ్లు, సొంత నోట్లోంచి బిస్కెట్టు. చూడటానికి ఎవరైనా ఉంటే గ్లాసు, ఎవరూ లేకపోతే నోరు.

ఇంకోటి. దీవుల మాట చదివి వినిపించాను. ముప్పై అయిదేళ్లుగా మా వంశం, మా వంశం అని నా తల తిన్న మనిషి, "మా అమ్మ అక్కడిదే. ఓడలో వచ్చింది. మా నాన్న ఎవరికీ చెప్పొద్దన్నాడు" అని గోడవైపు తిరిగి పడుకుంది. మీ నాన్నకు కూడా తెలియదు. ఆయన అప్పటి నుంచి అద్దంలో చూసుకుంటూనే ఉన్నారు.

నా సీసాలో ఏమీ లేదుగా. ఇన్నేళ్లు పెంచి నీకు ఒక్క పురుగు కూడా ఇవ్వలేకపోయాను. చెంచాలు మరగబెట్టిన పాపం. ఇప్పుడు నీ ఇష్టం, దీవులకు వెళ్తానంటే సంచీ సిద్ధంగానే ఉంది.

ఇట్లు,
సీసా మీది ఆవిడ


ఏప్రిల్ 27

అమ్మకు,

ముందు ఇది చదివి, మిగతా ఉత్తరం పక్కన పెట్టి, నాయనమ్మను తీసుకుని చర్మం డాక్టరు దగ్గరికి వెళ్లు. ఆవిడ పాదం మీద ఊదా మచ్చలు చెప్పుల వల్ల కాదు. ఆ సీసాలో వైరస్ అంత ఎక్కువగా ఉంటే నేను నీదనుకుని ఏడుస్తూ కూర్చున్నాను, ఎందుకు అంత ఉందని అడగలేదు. ఈ ఎనిమిదో హెర్పిస్ తెచ్చే క్యాన్సర్ ముసలివాళ్లకు మొదట కనిపించేది అక్కడే. ఫోన్ కూడా చేశాను, నాయనమ్మ ఎత్తి "రాంగ్ నంబర్" అని పెట్టేసింది. డాక్టరుకు ఈ ఉత్తరం చూపించు. ఆవిడ రానంటే నాన్నతో ఎత్తించు.

వెళ్లొచ్చారా? ఇప్పుడు మిగతాది.

నా వాళ్లెవరో నాకు ఇంకా తెలియదు. చీటీ అనుకుని చదివింది నాయనమ్మ నమిలిన బిస్కెట్టు. నిన్న పొద్దున కూర్చుని దీనికి నవ్వాలా ఏడవాలా అని చూశాను, నవ్వే వచ్చింది. వరండాలో వదిలినవాళ్లు నిజంగానే ఏమీ పెట్టలేదు. సరే.

నీకు పురుగు లేదని బెంగ పెట్టుకున్నావు. మా బాసుకు నీ ఉత్తరాలు అక్కడక్కడా చదివి వినిపించాను. ఆయన నీ మాటలు విని, నా మొహం చూసి, "ఈ వెటకారం మాత్రం ఎక్కడి నుంచి అంటిందో పరీక్ష అక్కర్లేదు" అన్నాడు. పైగా దీనికి మందు కూడా లేదట.

నువ్వు చెప్పకుండా ఊరుకుని ఉంటే మచ్చల సంగతి నాకు తట్టేది కాదు. అది గుర్తుపెట్టుకో.

మీ అమ్మాయి


జూన్ 5

ఉమ్ముల ఆఫీసరు గారికి,

నువ్వన్నదే. ముక్క కోసి పరీక్షకు పంపారు, అదే అని తేలింది. ముసలివాళ్లలో నెమ్మదిగా పాకే రకమట, లోపలికి దిగలేదట. కాలికి రేడియేషన్ కరెంటు పెడుతున్నారు, నాలుగుసార్లు అయింది, మచ్చలు వాడిపోతున్నాయి. ఆవిడ ఇంకా చాలా ఏళ్లు నన్ను వేపుకు తింటుందని డాక్టరు భరోసా ఇచ్చాడు. నా చెప్పుల మీది కేసు కొట్టేశారు. క్షమాపణ మాత్రం ఇంకా రాలేదు.

డాక్టరు చెబుతున్నంతసేపూ ఆవిడ మేజోళ్లు పైకి లాక్కుంటూ కూర్చుంది. లేచి వచ్చేటప్పుడు, "నా మనవరాలికి నేనే అంటించానట. దానికి కూడా ఇలా అవుతుందా?" అని అడిగింది. చాలామందికి ఏమీ కాదు, వయసు మీద పడ్డాక ఒక కన్నేసి ఉంచితే చాలు అన్నాడు. ఆ మాట ఆవిడకు చాల్లేదు, నాకూ చాల్లేదు. నువ్వు ఏటా చూపించుకుంటానని రాసి పంపు, ఇద్దరం చదువుకుంటాం. 'నా మనవరాలు' అన్న ముక్క ఆవిడ నోట వినడం నాకదే మొదలు.

ఇంటికి రాగానే పైఅరలోని ఆకుపచ్చ గ్లాసు దింపమంది. ఎందుకంటే, "పురుగు నాలో ఉంది, ఇక నాది వేరే పెట్టండి" అంది. వారం రోజులు అందులోనే తాగింది. అన్నేళ్లు కోపంగా చూసుకున్న గ్లాసు, ఆవిడ చేతిలో చూస్తే నాకు కడుపు నిండుతుందనుకున్నాను. నిండలేదు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి, ఎందుకు తిరిగాయో నాకే చిరాకు. ఎనిమిదో రోజు దాన్ని కడిగి మిగతా గ్లాసుల్లో కలిపేశాను. మీ నాన్న చూసుకోకుండా అందులోనే టీ తాగారు.

దీవులకు ఆరు వారాల పని ఏదో ఉందని నాన్నతో ఫోన్లో అన్నావట. వెళ్లు. ఆవిడ వాళ్లమ్మ ఊరి పేరు చెప్పింది, వేరే కాగితం మీద రాసి పెడుతున్నాను. అక్కడ ఎవరి ముక్కైనా ఆవిడ ముక్కులా ఉంటే ఫోటో తీసి పంపు, ఇక్కడ ఒక్కదానితోనే వేగలేకపోతున్నాను.

కానీ ముందు ఇక్కడికి రా. ఆవిడ బిస్కెట్ల డబ్బా మంచం పక్కన పెట్టుకుని మూత తీయనివ్వడం లేదు. టీలో ముంచి ఇస్తానంటే నా చెయ్యి తోసేసింది. నువ్వు రావాలట. ఆవిడకు పళ్లు లేవు కాబట్టి, ఈసారి నమిలి పెట్టే వంతు నీదట.

ఇట్లు,
మీ అమ్మ, సీసాల లెక్కలో ఆవిడ